మోటర్లు లేపే బండి

నెల్లికుదురు దగ్గర, మన తండా
10 ఫిబ్రవరి 2025

తమ్ముడు ఉపేందర్‌కు,

అక్క ఫోన్ కలవడం లేదని మీ బావతో అన్నావట. కలవదు. నీ నంబరు రాకుండా నేనే ఆపి పెట్టాను. ఫోన్‌లో నేను నోరు తెరిచేలోపే నువ్వు తీర్పు చెప్పేస్తావు. నేను గొంతు పెంచుతాను. పక్కన కూర్చున్న అమ్మ ఏడుస్తుంది. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు. పైగా మన ఇంటి మాటకు లిపి లేదు కనుక తెలుగులో రాసుకోవాలి. ఆశ్రమ పాఠశాలలో నేర్చిన తెలుగులో నాకు తిట్లు తక్కువ వచ్చు. అది నీ అదృష్టం.

ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి గానీ మీ బావ క్షేమంగా లేడు. బోరు దగ్గర పైపు జారి నడుము మీద పడ్డప్పటి నుంచి కుడికాలు మాట వినడం లేదు. కర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తాడు. బరువు ఎత్తకూడదన్నారు. తిండి మాత్రం బాగానే తింటున్నాడు, నా వంటకు వంకలు కూడా పెడుతున్నాడు.

నిన్న రవీందర్ వచ్చాడు. బోర్లలోంచి మోటర్లు పైకి లేపే మిషన్లు ఇప్పటికే రెండున్న మనిషి, మన దాని కోసం ఎందుకు వచ్చాడో చెప్పనక్కర్లేదు. మండలంలో ఇంకెవరికీ మిషన్ ఉండకూడదు, అంతే. మన పికప్ చుట్టూ తిరిగి టైర్లను కాలితో తన్ని చూశాడు. బర్రెను కొనడానికి వచ్చినవాడు కూడా దాన్ని తన్నడు.

“మీ తమ్ముడు అమ్ముదమన్నడు. బండి గూడ ఆయన పేరు మీదనే ఉన్నదట గదా” అన్నాడు.

“బండి అమ్మకానికి లేదు. రేపటి సంది నేనే నడుపుత” అన్నాను.

ఆయన నవ్వాడు. మంచం మీద నుంచి మీ బావ కూడా నవ్వాడు. ఆ రెండో నవ్వు నాకు ఇంకా అరగలేదు.

నాకు లైసెన్సు ఉందని మీ ఇద్దరికీ తెలుసు. మహబూబాబాద్ పోయి తెచ్చుకున్న రోజు మిఠాయి తిన్నది మీరే. నువ్వు డీజిల్ మెకానిక్‌వి కాబట్టి అడుగుతున్నాను. ఈరోజు నడిపి చూశాను. వెనక మిషన్ ట్రాలీ తగిలించగానే బండి వెనక భాగం పైకి తేలినట్టు అవుతోంది. తొర్రూరు దారిలో ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కుతోంది. డీజిల్ తాగడానికి అంతు లేదు. ఏం చేయాలో రాయి. అమ్మేయమని తప్ప ఏమైనా రాయి.

నీ మీద కోపంతో ఉన్న అక్క,
రాజీ


మహదేవపూర్
17 ఫిబ్రవరి 2025

అక్కకు,

చివరిదాకా చదివాను. నవ్య మళ్లీ పైకి చదివింది. రవీందర్ టైరు తన్నిన చోట నీ మరదలికి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. అయినా నా మాట మారదు.

మొన్న ఇక్కడ గోదావరి కట్ట దిగుతుంటే ఒక ట్రాక్టరు ట్రాలీ కొక్కెం ఊడిపోయింది. ట్రాలీ తోసుకొచ్చి ట్రాక్టరును తిప్పేసింది. నడిపేవాడు బతికాడు, పక్కన కూర్చున్న మనిషి బతకలేదు. నేను పనిచేసే పంప్‌హౌస్ షెడ్డు దగ్గరే జరిగింది కాబట్టి ఆ కొక్కెం విప్పి చూసింది నేనే. వెల్డింగు లోపల అంతా బోలు. పైన మాత్రం రంగు మెరుస్తోంది. మన ట్రాలీని కూడా బావ తనకు తోచినట్టు చేయించుకున్నదే. ఆ రోజు నుంచి నీ బండి నా కళ్లముందు తిరుగుతోంది. ఇంట్లో ఒకరు మంచం పట్టింది చాలు.

బండి నా పేరు మీద ఉంది. ఈ సంగతి నేను గుర్తుచేయాల్సి రాకూడదు. నువ్వూ బావా ఇక్కడికి వచ్చేయండి. సైట్ క్యాంటీన్‌లో వంట పని ఇప్పిస్తాను.

ఇంతవరకు రాసి కవరు అంటించి, మళ్లీ చింపాను. పొగ ఏ రంగులో వస్తోంది? నల్లగా వస్తే ఇంజనుకు గాలి చాలడం లేదు. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లగా వస్తే వేరే రోగం. ఎయిర్ ఫిల్టరు ఎప్పుడు మార్చారు? రేడియేటర్ జాలీలో పత్తి పీచు, దుమ్ము పేరుకున్నాయేమో చూడు. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను.

తమ్ముడు,
ఉపేందర్


తండా
3 మార్చి 2025

తమ్ముడూ,

నల్లగా.

నువ్వు ఊరికే అడిగావు కాబట్టి నేనూ ఊరికే చెబుతున్నాను. ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తీస్తే లోపల ఎలుక కాపురం పెట్టి ఉంది. పత్తి, గడ్డి, మీ బావ పారేసిన బీడీ కట్ట కాగితం అన్నీ సర్దుకుంది. తొర్రూరు నుంచి కొత్త ఫిల్టరు తెచ్చి వేశాను. రేడియేటర్‌ను లోపలి వైపు నుంచి నెమ్మదిగా నీళ్లు కొట్టి కడిగాను. ఎర్రమట్టి కారీ కారీ ఆగలేదు. ఫ్యాన్ బెల్టు వదులైతే మార్పించాను. ఇప్పుడు పొగ నలుపు తగ్గి బూడిదరంగుకు వచ్చింది. ఎత్తు ఎక్కినా వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా పోవడం లేదు.

తొర్రూరులో వెల్డింగు షాపు కృపాకర్ ఉన్నాడు కదా, అతను ఒక మాట అన్నాడు. “అక్కా, పంపు స్క్రూ జర తిప్పుత. డీజిల్ ఎక్కువ దిగుతది, బండి గుర్రం లెక్క ఉరుకుతది.” తిప్పమననా వద్దా, రాయి.

మీ క్యాంటీన్ గురించి. నా వంటకు ఇంట్లోనే వంకలు వస్తున్నాయి. మీ పంప్‌హౌస్ వాళ్లు నీకు ఏం పాపం చేశారు?

మొదటి పని దొరికింది. పక్క ఊరి ఈదమ్మ చెల్కలో మోటరు కాలిపోయింది. రవీందర్ మిషన్ వారం తర్వాత గానీ రాదన్నారట, ఆమె మిరపతోట అంతదాకా ఆగదు. తండా నుంచి ఇద్దరు ఆడవాళ్లను కూలికి పిలుచుకుని పోయాను. పైపు జారకుండా క్లాంపు బిగించే పద్ధతి మీ బావే నేర్పాడు, మంచంకోడుకు పైపు ముక్క కట్టి. నవ్వినందుకు అది ఆయన కట్టిన జరిమానా అనుకున్నాను.

మమ్మల్ని చూసి ఊళ్లో పెద్దమనిషి ఒకాయన గట్టు మీద నిలబడి, “ఆడోళ్లు బోరు మీద చెయ్యేస్తే నీళ్లు అడుగంటుతయి” అన్నాడు.

ఈదమ్మ నడుము మీద చేయి పెట్టుకుని, “ఇన్నొద్దులు మొగోళ్లే ఏసిండ్రు గద చెయ్యి. మరి నీళ్లు ఎందుకు అడుగంటినయి?” అని అడిగింది. ఆయన గట్టు దిగి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి మోటరు పైకి తీశాం. రిపేరు చేయించి మర్నాడు దించాం. నీళ్లు వచ్చాయి.

ఇంకొకటి ఉంది. రాయకూడదనుకున్నాను, కానీ మెకానిక్ దగ్గర రోగం దాస్తే ఎలా? తిరిగి వస్తుంటే కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. వెనక ట్రాలీ పాములా అటూ ఇటూ ఊగి బండి మూతిని కాలువ వైపు తిప్పింది. ఎలా ఆపానో నాకే తెలియదు. దిగి చాలాసేపు రోడ్డు పక్కన కూర్చున్నాను. అలా ఎందుకు ఊగింది?

అక్క,
రాజీ


మహదేవపూర్
10 మార్చి 2025

అక్కకు,

పంపు స్క్రూ ముట్టుకోనివ్వకు. కృపాకర్ చేతులు కట్టేసి అయినా సరే. డీజిల్ ఎక్కువ దిగితే నాలుగు రోజులు ఉరికినట్టే ఉంటుంది. ఆ తర్వాత ఇంజను లోపల వేడి పెరిగి పిస్టన్లు కాలిపోతాయి. నీ బండికి కావలసింది గాలి, చల్లదనం, సరైన గేరు. టాప్ గేరులో ట్రాలీని ఈడవకు. ఇంజను మూలుగుతోందంటే గేరు తగ్గించు. దిగుడు వస్తే, ఆ ఎత్తు ఎక్కాలంటే ఏ గేరు వేస్తావో ఆ గేరులోనే దిగు. బ్రేకు మీదే భారం వేయకు.

ట్రాలీ ఎందుకు ఊగిందంటే, బరువంతా ఇరుసుకు వెనక ఉంది. బోరు దగ్గరికి వెనక్కి పెట్టుకోవడానికి సులువని బావ మిషన్‌ను చివర బిగించాడు. నిలబడి ఉన్నప్పుడు అది సులువే. నడిచేటప్పుడు అది ట్రాలీ మూతిని పైకి ఎత్తుతుంది, బండి వెనక చక్రాలకు నేల మీద పట్టు పోతుంది. మిషన్‌ను, పైపుల పెట్టెను ఇరుసుకు కొంచెం ముందుకు జరిపించు. మొత్తం బరువులో పదోవంతు కొక్కెం మీద పడాలి. అంతకు తగ్గితే ఊగుతుంది, మరీ పెరిగితే బండి వెనక భాగం కుంగి ముందు చక్రాలు తేలతాయి. కొక్కెం ఇప్పుడు బంపరుకు ఉంది. దాన్ని కోసేయించి, ఛాసిస్ రెండు దూలాలనూ కలుపుతూ అడ్డపట్టీ వేయించి, బోల్టులతో బిగించు. కొక్కెం కింద రెండు గొలుసులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేయి. కొక్కెం ఊడినా గొలుసులు పట్టుకోవాలి.

బండి ఆపిన ప్రతిసారీ నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూడు. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు అంటుకుపోతున్నట్టు. నీ డీజిల్ సగం అక్కడే పోతుంది.

రవీందర్ ఫోన్ చేశాడు. ఈ ఎండాకాలం దాకా ఆగమన్నాను. షిఫ్టుకు పిలుస్తున్నారు, ఉంటాను.

ఉపేందర్


బచ్చన్నపేట
24 మార్చి 2025

ఉపేందర్‌కు,

ఎండాకాలం దాకా ఆగమన్నావా? మరి ఆ తర్వాత?

నువ్వు ఒక్క ముక్క రాసి షిఫ్టుకు పోయావు. ఇక్కడ రవీందర్ చాయ్ హోటల్ దగ్గర కూర్చుని అదే ముక్క ఊరంతా పంచాడు. “వానలు పడంగనే ఆ బండి నా ఇంటికొస్తది. తమ్ముడు మాటిచ్చిండు” అంటున్నాడు. “ఆమెను పిలిచినోళ్ల బోరుకు నా మిషన్లు రావు” అని కూడా చెప్పాడు. రేపో మాపో పోయే బండి కోసం ఎవరు ఆయనతో పగ పెట్టుకుంటారు? మన మండలంలో నన్ను పిలవడం మానేశారు. ఈ సంగతి తెలిసి అమ్మ రెండు పూటలు అన్నం తినలేదు. ఆమెకు జవాబు నువ్వే చెప్పుకో.

నేను ఊరుకుంటాననుకున్నారు. ఈదమ్మ కూతుర్ని ఇక్కడ బచ్చన్నపేటలో ఇచ్చారు. ఆమె చెప్పగా జగన్మోహన్ అనే ఆసామి పిలిచాడు. పాలకుర్తి మీదుగా, జనగామ దాటి, ట్రాలీ తగిలించుకుని వచ్చాను. ఇక్కడ చెరువు ఎండింది, బోర్లు మన వైపుకంటే చాలా లోతు. బత్తాయి తోటలు ఆకు ముడుచుకుని ఉన్నాయి.

జగన్మోహన్ మమ్మల్ని చూసి, “గింత లోతు బోరు, మీతోని అయితదా?” అన్నాడు.

“కాకపోతే ఒట్టిగనే పోతం పటేలా. పిలిచినందుకు చాయ్ పోయిండ్రి చాలు” అన్నాను.

ఆయన భార్య విమలమ్మ ముందే చాయ్ తెచ్చింది. సాయంత్రం కాకముందే మోటరు గట్టున పడింది. ఇప్పుడు వాళ్ల దాయాదులు, ఇరుగుపొరుగు అందరూ వరుస కట్టారు. విమలమ్మ మా ముగ్గురికీ తోటలో గది ఇచ్చింది.

కోపంలోనూ పని సంగతి చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. మిషన్ ముందుకు జరిపించాను. కొక్కెం నువ్వు చెప్పినట్టే ఛాసిస్‌కు బిగించాడు కృపాకర్. స్క్రూ తిప్పనివ్వలేదని అలిగి, “మీ తమ్మునిది అంత కాగితం మీది మెకానిక్కు” అని గొణుగుతూనే చేశాడు. ట్రాలీ ఇప్పుడు దూడలాగా వెంట వస్తోంది. ఎడమవైపు వెనక చక్రం కాలిపోతుంటే బ్రేకు విప్పి శుభ్రం చేయించాను. అంతకుముందు పాలకుర్తి దాకా వచ్చేసరికి అయిపోయే డీజిల్‌తో ఇప్పుడు జనగామ దాటుతున్నాను.

ఇవన్నీ నీ మాట విని చేసినవే. అదే చేత్తో నువ్వు బండిని వేరేవాడికి రాసిస్తావా? అమ్మాలనుకుంటే ముందు నన్ను అందులోంచి దింపాలి. ఎలా దింపుతావో చూస్తాను.

రాజీ


మహదేవపూర్
31 మార్చి 2025

అక్కకు,

నీకు ఉత్తరాల మీద జవాబు చెప్పడం నా వల్ల కాదు. ఎదురుగా కూర్చోవాలి. వచ్చే ఆదివారం తండాకు వస్తున్నాను. బండి, ట్రాలీ రెండూ వాకిట్లో ఉండాలి. ఎక్కడికీ తీసుకుపోకు. కాగితాలు కూడా వెంట తెస్తున్నాను.

ఉపేందర్


జనగామ
9 ఏప్రిల్ 2025

ఉపేందర్‌కు,

నువ్వు ఆదివారం వస్తున్నావని తెలిసే నేను శనివారం పొద్దున్నే బండి తీసుకుని బచ్చన్నపేట వెళ్లిపోయాను. దాచి చెప్పేది ఏమీ లేదు. కాగితాలు తెచ్చే మనిషికి తాళంచెవి ఇచ్చేంత అమాయకురాలిని కాను.

నీ పని నువ్వు ఇంకో దారిలో కానిచ్చావు. నిన్న తిరిగి వస్తూ జనగామ దాటుతుండగా రవాణా శాఖ వాళ్లు ఆపారు. ఎవరో ఫిర్యాదు పంపారట. బండి నంబరు, నీ పేరు, మన నాయిన పేరు, ఊరు, అన్నీ తప్పు లేకుండా రాసి ఉన్నాయి. ఇంత వివరం ఇంకెవరికి తెలుసు?

ఆ అధికారి నన్ను కసరలేదు. అదే నాకు ఎక్కువ బాధ. “అమ్మా, బండికి కాగితాలు ఉన్నయి. ట్రాలీకి ఏమున్నయి? నంబరు లేదు, ఎనక లైట్లు లేవు, బ్రేకు లేదు. నీ సంగతి సరే, ఎదురొచ్చేటోళ్ల సంగతేంది?” అన్నాడు. నేను ఏ మాటకైనా జవాబు చెబుతానని నీకు తెలుసు. ఈసారి మాత్రం దిగి తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. ట్రాలీకి లైట్లు, బ్రేకు పెట్టించి, పరీక్షకు చూపించి, రిజిస్ట్రేషన్ చేయించుకుంటేనే వదులుతామన్నారు. బండి ఓనరు వచ్చి సంతకం పెట్టాలన్నారు. ఓనరంటే నువ్వు.

నాతో వచ్చిన ఇద్దరినీ బస్సెక్కించాను. ఇక రోజూ పొద్దున వచ్చి ఈ ఆఫీసు గేటు దగ్గరే కూర్చుంటాను. నువ్వు రాకపోతే నేనే ఎవరి కాళ్లో పట్టుకుంటాననుకోకు. నీకు ఇచ్చేది ఒక్క మాటే. బండి మీద నీ పేరు ఉంది, స్టీరింగు మీద నా చేతులు అరిగాయి. ఆ రెండింటిలో ఏది పెద్దదో ఇక్కడికి వచ్చి నా ముందు చెప్పు.

కాళేశ్వరం పోయే బస్సు డ్రైవరు చేతికి ఇది ఇస్తున్నాను.

రాజీ


మహదేవపూర్
11 ఏప్రిల్ 2025

అక్కా,

అదే డ్రైవరు తిరిగి వస్తూ ఇది నీకు గేటు దగ్గర ఇస్తాడు. కూర్చుని చదువు.

ఆదివారం నేను గోనెసంచిలో బ్రేకు డ్రమ్ములు వేసుకుని తండాకు వచ్చాను. మా సైట్‌లో పనికిరాదని తీసేసిన జనరేటర్ ట్రాలీవి. పెద్ద సారును అడిగి తెచ్చుకున్నాను. వాటితో పాటు కొక్కెం కూడా ఉంది. ముందు బండి ఆగితే వెనక ట్రాలీ తోసుకొస్తుంది కదా, ఆ తోపుకే దాని బ్రేకు అదే పట్టుకుంటుంది. బస్సులో కండక్టరు ఈ ఇనుమంతా దింపేయమని భూపాలపల్లి దాకా నాతో కొట్లాడాడు. అవి బిగించాలనే బండి వాకిట్లో ఉంచమన్నాను. వెంట తెచ్చిన కాగితాలు, బండిని నీ పేరు మీదకు మార్చే కాగితాలు. నా సంతకాలు అన్నీ పెట్టి తెచ్చాను. వచ్చి చూస్తే వాకిలి ఖాళీ.  “మీ అక్క నిన్ను జూసి పారిపోయిందంటే నేను నమ్మ. గని బండిని మాత్రం పారగొట్టింది” అన్నాడు బావ.

రవీందర్‌తో నేను అన్న మాట పూర్తిగా ఇది: “ఈ ఎండాకాలం దాకా ఆగు, మా అక్క పని జూసినంక నువ్వే అడుగుడు బందు వెడ్తవ్.” షిఫ్టు తొందరలో నీకు సగమే రాశాను. ఆయన కూడా ఆ సగాన్నే ఊళ్లో పంచాడు.

ఫిర్యాదు సంగతి. బుధవారం పొద్దున రవీందర్ నాకు ఫోన్ చేసి, “బండి జనగామల పట్టుబడ్డదట గదా. ఇగ పరేషాన్ ఎందుకు, నాకు రాసియ్యి” అన్నాడు. అప్పటికి నీ ఉత్తరం నాకు అందలేదు. బావకు కూడా తెలియదు. ఆయనకు ఎలా తెలిసింది? మన నాయిన పేరు అంటావా, ఆ పేరు తెలియనివాళ్లు మన మండలంలో ఎవరున్నారు?

ఒక్కటి మాత్రం ఒప్పుకో. ఆ అధికారి అడిగింది న్యాయమే. నేను మొదటి నుంచి భయపడుతున్నదీ దానికే.

వచ్చే గురువారం ఇక్కడ నా బదులు మనిషి దొరుకుతాడు. ఆ పొద్దున్నే జనగామలో ఉంటాను. కృపాకర్‌ను కూడా రమ్మన్నాను. నువ్వు గేటు దగ్గరే ఉండు. ఈసారి అయినా ఎక్కడికీ పోకు.

తమ్ముడు,
ఉపేందర్


మహదేవపూర్
28 ఏప్రిల్ 2025

అక్కకు,

ఇంటికి వచ్చినప్పటి నుంచి నవ్యకు జనగామ సంగతే చెబుతున్నాను. అక్కడ నీకు చెప్పలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

పరీక్ష రోజు నువ్వు బండి ఎక్కగానే నేను గోడ పక్కకు పోయి నిలబడ్డాను. ఇంజనులో శబ్దం తేడా వస్తే పట్టుకుందామని చెవి అటే పెట్టాను. కళ్లముందు మాత్రం గోదావరి కట్ట, ఆ ట్రాక్టరే కనిపిస్తున్నాయి. ట్రాలీ నిండా పైపులు, మిషన్, నువ్వు వేగంగా వస్తున్నావు. అధికారి చేయెత్తాడు. నువ్వు బ్రేకు తొక్కావు. బండి, ట్రాలీ ఒక్క గీత మీద ఆగిపోయాయి. ఆయన చుట్టూ తిరిగి, గొలుసులు లాగి చూసి, వంగి కొక్కెం చూసి, “ఎవరు చేసిండ్రు ఇది?” అన్నాడు.

“బ్రేకు మా తమ్ముడు, వెల్డింగు కృపాకర్. నడిపింది నేను” అన్నావు. మళ్లీ ఆపించి చూస్తానంటే, “ఎన్నిసార్లయినా ఆపుండ్రి సార్” అన్నావు. కృపాకర్ నా భుజం మీద కొట్టి, “నువ్వు కాగితం మెకానిక్‌వి గాదు పో” అన్నాడు. ఆ ఒక్కటీ నీకు వినిపించి ఉండదు.

ట్రాలీకి నంబరు వచ్చింది. బండి నీ పేరు మీదకు మారింది. ఇక నేను దానికి ఏమీ కాను, మెకానిక్‌ను తప్ప.

మెకానిక్‌గానే ఒక మాట. కొన్నాళ్లు బచ్చన్నపేట వైపే పని చేసుకో. రవీందర్ ఓడిపోయిన కోపంలో ఉన్నాడు. మన మండలంలో తిరిగి గొడవ తెచ్చుకోకు. వచ్చే నెల కాళేశ్వరంలో పుష్కరాలు. బావను, అమ్మను తీసుకుని రండి, నాలుగు రోజులు ఉందురు గాని.

తమ్ముడు,
ఉపేందర్


తండా
12 మే 2025

తమ్ముడు ఉపేందర్‌కు,

పుష్కరాలకు అమ్మను పంపుతాను. నేను రాలేను, పని ఉంది. పని మన మండలంలోనే ఉంది.

గొడవ వద్దన్నావు. నేను గొడవకు పోలేదు, మోటరు లేపడానికి పోయాను. రాజీవ్ అని, రవీందర్ ఊరి ఆసామే. ఆయన బోరు ఆగిపోయి బర్లకు కూడా నీళ్లు లేవు. రవీందర్ ఇదిగో అదిగో అంటుంటే విసిగి నన్ను పిలిచాడు. నా ఊరికి, నా మండలానికి నేను దొంగచాటుగా పోవాలా? పట్టపగలు, ఊరి నడుమ నుంచి పోయాను.

చెల్కల్లోకి తిరిగే బాట దగ్గర రవీందర్ ట్రాక్టరు అడ్డంగా నిలబెట్టి ఉంది. దాని మీద అతని డ్రైవరు చందు. నన్ను చూసి తల దించుకున్నాడు.

“రవీందర్ అన్న చెప్పిండు అక్కా. నన్ను తిట్టకు” అన్నాడు.

“నిన్నెందుకు తిడుత? ఉండు. ఎంతసేపు ఉంటవో ఉండు. నేను గూడ ఉంట” అని ఇంజను ఆపేశాను. మేం ముగ్గురం బండి నీడలో కూర్చుని జొన్నరొట్టెలు విప్పాం. అతనికి ఒకటి ఇస్తే తీసుకున్నాడు.

నీకు నవ్వొచ్చే సంగతి చెబుతాను. అతను మాత్రం ట్రాక్టరు ఇంజను ఆపలేదు. కొంతసేపటికి అడిగాను, ఆపవేందయ్యా అని. సెల్ఫ్ పని చేయదు, ఆపితే నలుగురు నూకితే గానీ మళ్లీ లేవదు అన్నాడు. నల్లటి పొగ. ఎయిర్ ఫిల్టరులో మన ఎలుక చుట్టాలు ఉన్నట్టున్నాయి. మేం కదలకుండా కూర్చున్నాం, రవీందర్ డీజిల్ అలా కాలుతూనే ఉంది. ఎండ నెత్తి మీదకు వచ్చేసరికి ట్రాక్టరు దగ్గి, రెండుసార్లు ఊగి, ఆగిపోయింది. ట్యాంకు ఖాళీ.

అప్పటికి రాజీవ్ ఇంకో పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. అందరికీ చెల్కల్లోకి అదొక్కటే బాట. ఎడ్లబండ్లు, పురుగుమందు డబ్బాలు మోసేవాళ్లు అంతా ఇరుక్కుపోయారు. చందు మీద కేకలు మొదలయ్యాయి. నేను లేచి ట్రాలీ విప్పి పక్కన పెట్టాను. గొలుసు తీసుకుపోయి ట్రాక్టరు ముందు కొక్కానికి తగిలించి, “న్యూట్రల్ జేసి స్టీరింగు పట్టుకో” అన్నాను. చందు ఎక్కి పట్టుకున్నాడు. మొదటి గేరు వేసి, క్లచ్చి మెల్లగా వదిలాను. మన బండి ఒక్కసారి బిగుసుకుని, కదిలింది. రవీందర్ ట్రాక్టరును ఈడ్చి బాట పక్కన వేపచెట్టు కింద నిలబెట్టాను. బరువు బాగా లాగింది కదా, ముల్లు చూశాను. సగానికి కూడా రాలేదు. పొగ కూడా చూశాను. చెప్పుకోదగ్గంత లేదు.

ట్రాలీ మళ్లీ తగిలిస్తుంటే చందు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, “అక్కా, మా నాయిన చెల్కల గూడ మోటర్ పడిపోయింది. ఎల్లుండి వస్తవా? రవీందర్ అన్నకు తెల్వకుంట రావాలె” అన్నాడు.

“తెల్వకుంట రాను. ఆయనకు చెప్పి నన్ను పిలువు. చెప్పినవంటే వస్త” అన్నాను.

“చెప్తే పనిలకెళ్లి తీసేస్తడు.”

“తీసేస్తే నా కాడికి రా. నాకు గొలుసు వట్టేటోళ్లు కావాలె.”

మేం పోయి రాజీవ్ మోటరు లేపాం. సాయంత్రం తిరిగి వస్తుంటే ట్రాక్టరు ఇంకా వేపచెట్టు కిందే ఉంది.

ఈ ఉత్తరం ఇక్కడిదాకా రాసి పెట్టాను, పోస్టు చేద్దామనుకుంటుండగా చందు వాకిట్లోకి వచ్చాడు. మీ బావ మంచం మీద లేచి కూర్చుని, “చెప్పినవా?” అని నాకంటే ముందే అడిగాడు.

“చెప్పిన బావా. హోటల్ కాడ అందరు ఉండంగనే చెప్పిన” అన్నాడు.

రేపు పొద్దున వాళ్ల చెల్కకు పోతున్నాం.

నీ అక్క,
రాజీ